ఒక లాట్‌లో చేర్చిన టిక్కీ అన్ని లాట్లలోనూ ఎందుకు కనిపిస్తోంది? క్లాసు అట్రిబ్యూట్లు, ఇన్‌స్టాన్స్ అట్రిబ్యూట్లు, ప్రాపర్టీలు

మీ ప్రశ్నను ముందు ఒకసారి కుదించి చెబుతాను, నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు కోసం పైథాన్‌లో లెక్కల ప్రోగ్రామ్ రాస్తున్నారు. మిర్చిలాట్ (ఒక రైతు ఒకసారి తెచ్చిన సరుకు) అనే క్లాసు, అంటే ఆబ్జెక్టులను తయారుచేసే అచ్చు, పెట్టి, దాని మొదట్లోనే రైతు పేరు, రకం, టిక్కీల (మిర్చి బస్తాల) తూకాల లిస్టు, కమీషన్ శాతం అన్నీ వరుసగా రాశారు. ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. తేజ రకం మిర్చి తెచ్చిన రైతు లాట్‌లో ఒక టిక్కీ తూకం చేరిస్తే, 334 రకం తెచ్చిన మరో రైతు లాట్‌లోనూ అదే తూకం కనిపిస్తోంది. కమీషన్ శాతం మారిస్తే మాత్రం ఆ ఒక్క లాట్‌కే మారి, మిగతావాటిలో పాతదే ఉండిపోతోంది. రెండూ ఒకేచోట ఒకేలా రాసినవే కదా, ఒకటి అందరికీ ఎందుకు పాకుతోంది, మరొకటి ఒక్కరి దగ్గరే ఎందుకు ఆగుతోంది అని మీ సందేహం. ప్రాపర్టీ అన్నది అట్రిబ్యూట్‌కే మరో పేరా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: చదివేటప్పుడు పైథాన్ వెతుకుతుంది, రాసేటప్పుడు వెతకదు. మీ రెండు చిక్కులకూ మూలం ఈ ఒక్క నియమమే. ఆబ్జెక్టు మీద ఒక పేరు (అట్రిబ్యూట్ అంటే ఇలా చుక్క తర్వాత రాసే పేరే) అడిగితే ముందు ఆ ఆబ్జెక్టులో చూస్తుంది, లేకపోతే దాని క్లాసులో, అక్కడా లేకపోతే తల్లి క్లాసుల్లో (ఈ క్లాసును వేటి ఆధారంగా రాశారో వాటిలో) చూస్తుంది. అదే పేరుకు విలువ కేటాయిస్తే మాత్రం పైకి వెళ్లదు, మీరు చుక్కకు ఎడమవైపు ఏ ఆబ్జెక్టును రాశారో అందులోనే పెడుతుంది. టిక్కీలు చేర్చినప్పుడు మీరు కొత్త విలువ కేటాయించలేదు, క్లాసులో దొరికిన ఒకే లిస్టును లోపల మార్చారు, అందుకే అందరికీ పాకింది. కమీషన్ విషయంలో కేటాయించారు, అందుకే ఆ లాట్‌కే ఆగింది. ప్రాపర్టీ వేరే సంగతి. బయటినుంచి అట్రిబ్యూట్‌లా కనిపిస్తూ, లోపల మెథడ్‌ను (క్లాసులో రాసిన ఫంక్షన్‌ను) నడిపించేది ప్రాపర్టీ. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

తక్షణ మరమ్మతు ఇది: టిక్కీల లిస్టును క్లాసు మొదటినుంచి తీసి, ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే ఇనిట్ మెథడ్‌లో `సెల్ఫ్.టిక్కీలు = []` అని రాయండి. రైతు పేరు, రకం కూడా అక్కడికే వెళ్లాలి. కమీషన్‌ను అందరికీ మార్చాలంటే `మిర్చిలాట్.కమీషన్ = 3` అని క్లాసు పేరుతో రాయండి, `లాట్1.కమీషన్ = 3` అని కాదు. కానీ ఈ రెండో మరమ్మతును ఇంతటితో ఆపితే మరో పెద్ద ప్రమాదం ఉంది. దాని గురించి రాయడానికే ఇంత పొడుగు సమాధానం మొదలుపెట్టాను.

(ఉదాహరణల్లో పేర్లను తెలుగులోనే రాస్తున్నాను. పైథాన్ 3 తెలుగు అక్షరాల పేర్లను ఒప్పుకుంటుంది, సెల్ఫ్ (మెథడ్ ఏ ఆబ్జెక్టు మీద నడుస్తోందో ఆ ఆబ్జెక్టు) అన్నది కూడా ఆనవాయితీగా వచ్చిన పేరే తప్ప కీవర్డ్ కాదు. అయితే ఫోనులో తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి పడుతుంటుంది. అది పేరులో ఉంటే పైథాన్ తప్పు చూపించి ఆగిపోతుంది. నకలు చేసి అతికించేటప్పుడు అది గుర్తుంచుకోండి.)

నేను విజయవాడలో ఉంటాను. చాలాకాలంగా వ్యాపారులకు బిల్లింగ్, గోదాము లెక్కల ప్రోగ్రాములు రాస్తున్నాను, సాయంత్రాలు ఇంజినీరింగ్ విద్యార్థులకు పైథాన్ చెబుతున్నాను. విద్యార్థులకు నేను ముందుగా వేసే ప్రశ్న సింటాక్స్ గురించి కాదు. "ఈ విలువ ఎవరిది?" అని అడుగుతాను. కమీషన్ కొట్టులో గోడ మీది బోర్డు చూడండి. దాని మీద రాసినది ఆ రోజు వచ్చిన రైతులందరికీ వర్తిస్తుంది, దాన్ని చెరిపి రాస్తే అందరికీ మారుతుంది. రైతు చేతిలోని పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, మాత్రం అతనిదే. క్లాసు నుంచి తయారైన ఒక్కో ఆబ్జెక్టునే ఇన్‌స్టాన్స్ అంటారు. క్లాసు అట్రిబ్యూట్ బోర్డు, ఇన్‌స్టాన్స్ అట్రిబ్యూట్ పట్టీ. టిక్కీల తూకాలను మీరు బోర్డు మీద రాశారు.

వెతుకులాట ఎలా జరుగుతుందో కళ్లతో చూడండి

ఊహించుకోవడం కంటే చూడటం మేలు. పైథాన్‌లో వార్స్ అనే ఫంక్షన్ ఉంది. దానికి ఆబ్జెక్టును ఇస్తే ఆ ఆబ్జెక్టు సొంత అట్రిబ్యూట్లను డిక్షనరీగా చూపిస్తుంది, క్లాసును ఇస్తే క్లాసువి చూపిస్తుంది. మీ ప్రస్తుత ప్రోగ్రాములో కొత్తగా తయారైన లాట్1ను దానికి ఇచ్చి చూడండి. ఖాళీ డిక్షనరీ వస్తుంది. రైతు పేరు లేదు, టిక్కీలు లేవు, ఏమీ లేవు. అయినా `లాట్1.కమీషన్` అని అడిగితే 2 అని జవాబు వస్తుంది, క్లాసులోంచి. ఆ తర్వాత `లాట్1.కమీషన్ = 3` అని రాసి మళ్లీ వార్స్‌తో చూడండి. ఇప్పుడు డిక్షనరీలో కమీషన్ ఒక్కటే ఉంటుంది. క్లాసులోని 2 ఎక్కడికీ పోలేదు, లాట్1 సొంత విలువ దానికి అడ్డం వచ్చిందంతే. డెల్ ఆజ్ఞతో `లాట్1.కమీషన్`ను తొలగిస్తే సొంతది పోయి, వెనకున్న 2 మళ్లీ కనిపిస్తుంది. ఇంకోసారి తొలగించబోతే తప్పు వస్తుంది, ఎందుకంటే తొలగించడం కూడా రాయడం లాంటిదే, పైకి వెళ్లి వెతకదు.

ఈ ప్రయోగాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని స్వయంగా చేయండి. చదివి వదిలేస్తే వారంలో మరిచిపోతారు.

కూడిక గుర్తు దగ్గర జాగ్రత్త

మీరు టిక్కీని అపెండ్‌తో (లిస్టు చివర చేర్చే మెథడ్‌తో) చేర్చినట్టు రాశారు. అది తేలికగా అర్థమయ్యే కేసు. దానికంటే కష్టమైనది ఇది:

`సెల్ఫ్.టిక్కీలు += [42]`

లిస్టు క్లాసులోనే ఉందనుకుందాం. ఈ ఒక్క పంక్తిలో మూడు పనులు జరుగుతాయి. మొదట టిక్కీలు అన్న పేరును చదవాలి, ఆబ్జెక్టులో లేదు కాబట్టి క్లాసులోని ఉమ్మడి లిస్టు దొరుకుతుంది. తర్వాత ఆ లిస్టుకే 42 చేరుతుంది. లిస్టులకు ఈ గుర్తు ఉన్న వస్తువునే పెంచుతుంది, కొత్తది తయారుచేయదు. చివరగా అదే లిస్టును ఆబ్జెక్టులో టిక్కీలు అన్న పేరుకు కేటాయిస్తుంది. అంటే ఇప్పుడు వార్స్‌తో చూస్తే లాట్1కు సొంత టిక్కీలు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ పేరు చూపిస్తున్నది ఉమ్మడి లిస్టునే! అందరికీ పాకింది, పైగా సొంతదే అన్న భ్రమ కూడా కలిగింది. రెండు లాట్ల టిక్కీలను ఇజ్ ఆపరేటర్‌తో పోల్చి చూస్తే ఈ సంగతి బయటపడుతుంది. రెండూ ఒకే వస్తువైతే ట్రూ అని వస్తుంది.

దాదాపు అదే పంక్తిని `సెల్ఫ్.టిక్కీలు = సెల్ఫ్.టిక్కీలు + [42]` అని విడదీసి రాస్తే ఫలితం వేరు. కూడిక కొత్త లిస్టును తయారుచేస్తుంది, అది ఆ లాట్‌కే దక్కుతుంది, క్లాసులోనిది చెక్కుచెదరదు. చూడటానికి ఒకేలా ఉన్న ఈ రెండు పంక్తుల మధ్య తేడా తెలిసినవారికి ఈ అంశం వచ్చినట్టే లెక్క.

అంకెల విషయంలో ఇదే గుర్తు తిరగబడుతుంది. ఇప్పటివరకు ఎన్ని లాట్లు వచ్చాయో లెక్కపెట్టడానికి క్లాసులో మొత్తంలాట్లు అని సున్నా పెట్టి, ఇనిట్‌లో `సెల్ఫ్.మొత్తంలాట్లు += 1` అని రాశారనుకోండి. అంకె లోపల మారేది కాదు. క్లాసులోని సున్నాను చదివి, ఒకటి కలిపి, వచ్చిన 1ని ఆబ్జెక్టులో పెడుతుంది. ప్రతి లాటూ తన లెక్క 1 అంటుంది, క్లాసు సున్నా దగ్గరే ఉంటుంది. `మిర్చిలాట్.మొత్తంలాట్లు += 1` అని రాయాలి.

ఇక్కడ చిన్న మెలిక. క్లాసు పేరును నేరుగా రాయడానికి బదులు "ఈ ఆబ్జెక్టు ఏ క్లాసుదో ఆ క్లాసు" అని టైప్ ఫంక్షన్‌తో గానీ, క్లాస్‌మెథడ్‌లో వచ్చే మొదటి ఆర్గ్యుమెంట్‌తో గానీ రాస్తే మరింత బాగుంటుందని కొందరు చెబుతారు. పిల్ల క్లాసులు లేనంతవరకు తేడా లేదు. రేపు మీరు తేజలాట్, బ్యాడగిలాట్ అని పిల్ల క్లాసులు పెడితే మాత్రం, ఆ కేటాయింపు పిల్ల క్లాసులో పడుతుంది, తల్లి లెక్క అక్కడితో ఆగిపోతుంది. రకానికో లెక్క కావాలనుకుంటే అదే సరైనది. యార్డు మొత్తానికి ఒకటే లెక్క కావాలంటే తల్లి క్లాసు పేరునే రాయండి. చదవడం, రాయడం గురించి పైన చెప్పిన నియమమే ఇక్కడా పనిచేస్తోంది, ఆబ్జెక్టుకూ క్లాసుకూ మధ్య ఉన్న సంబంధం పిల్ల క్లాసుకూ తల్లి క్లాసుకూ మధ్య కూడా ఉంది.

క్లాసులోంచి లిస్టును తీసేసిన తర్వాత చాలామంది పడే మరో గుంట: ఇనిట్ మెథడ్ ఆర్గ్యుమెంట్లలో టిక్కీలకు ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా ఇవ్వడం. ఆ డిఫాల్ట్ విలువ మెథడ్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. కాబట్టి మళ్లీ ఉమ్మడి లిస్టే. డిఫాల్ట్‌గా నన్ (ఏ విలువా లేదని చెప్పే విలువ) ఇచ్చి, లోపల నన్ అయితే కొత్త లిస్టు పెట్టండి.

అసలు ప్రమాదం: మారిన కమీషన్, పాత పట్టీలు

ఇప్పుడు నేను ముందు చెప్పిన పెద్ద విషయానికి వస్తాను. కమీషన్ అందరికీ ఒకటే కాబట్టి క్లాసు అట్రిబ్యూట్‌గా పెట్టడం సబబే. అయితే అది "ఈ రోజు అందరికీ ఒకటే", "ఎప్పటికీ అందరికీ ఒకటే" కాదు. ఈ తేడాను పట్టించుకోని ప్రోగ్రాములను వ్యాపారుల దగ్గర చాలాసార్లు చూశాను, ప్రతిసారీ బాధ కలిగింది, ఎందుకంటే తప్పు ఎవరికీ వెంటనే కనిపించదు.

ఒక లెక్క చూద్దాం, అంకెలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవే. మూడు టిక్కీలు, తూకాలు 42, 44.5, 43 కిలోలు. మొత్తం 129.5. టిక్కీకి కిలో చొప్పున గోతం బరువు తీసేస్తే నికరం 126.5 కిలోలు. క్వింటాలు ధర 14,000 రూపాయలైతే సరుకు విలువ 17,710 రూపాయలు. కమీషన్ 2 శాతం ఉన్న రోజున రైతుకు ఇచ్చిన పట్టీలో 354.20 రూపాయలు కోత పడింది. నెల తర్వాత శాతం 3కు మారింది, మీరు `మిర్చిలాట్.కమీషన్ = 3` అని సరిగ్గానే రాశారు. ఆ తర్వాత రైతు వచ్చి తన పట్టీ పోయిందని, నకలు కావాలని అడిగాడు. మీ ప్రోగ్రామ్ పాత లాట్‌ను తెరిచి, కమీషన్ కోసం ఆబ్జెక్టులో వెతికి, లేక, క్లాసుకు వెళ్లి 3 తెచ్చి, 531.30 రూపాయల కోతతో నకలు ముద్రిస్తుంది. రైతు చేతికి వచ్చిన డబ్బు ఒకటి, కాగితం మీద ఉన్నది మరొకటి. 177 రూపాయల 10 పైసల తేడాకు ఎవరు జవాబు చెప్పాలి? ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో ఇలాంటి లాట్లు ఎన్ని ఉంటాయో మీకు నాకంటే బాగా తెలుసు.

అమ్మకం పూర్తయిన క్షణంలో, ఆనాటి శాతాన్ని లాట్‌లోకి నకలు చేసుకోవాలి. అమ్మకం ఖరారుచేసే మెథడ్‌లో ఈ పంక్తి రాయండి:

`సెల్ఫ్.కమీషన్ = సెల్ఫ్.కమీషన్`

చూసినవారు ఇదేమి వ్యర్థమైన పంక్తి అనుకుంటారు. కానీ పైన చెప్పిన నియమంతో చదవండి. కుడివైపున ఉన్నది చదవడం, కాబట్టి పైకి వెళ్లి క్లాసులోని 2ను తెస్తుంది. ఎడమవైపున ఉన్నది రాయడం, కాబట్టి ఆ 2ను ఈ లాట్‌లోనే పెడుతుంది. ఇకపై క్లాసులో ఏది మారినా ఈ లాట్ కదలదు. పని చేస్తుంది గానీ, మీ తర్వాత ఈ ప్రోగ్రామును చూసేవారు అనవసరమనుకుని కొట్టేసే అవకాశం ఉంది. అందుకని నేను పేర్లనే వేరు చేస్తాను: క్లాసులో `ప్రస్తుతకమీషన్`, లాట్‌లో `ఖరారుకమీషన్`. అప్పుడు `సెల్ఫ్.ఖరారుకమీషన్ = మిర్చిలాట్.ప్రస్తుతకమీషన్` అని రాస్తే ఉద్దేశం ఎవరికైనా తెలుస్తుంది.

దీనికి తోడు మరో సంగతి. లాట్లను పికిల్ మాడ్యూల్‌తో ఫైలులో దాచుకుంటున్నట్టు రాశారు. మామూలుగా పికిల్ దాచేది ఆబ్జెక్టు సొంత డిక్షనరీని మాత్రమే, క్లాసు అట్రిబ్యూట్లను కాదు. కాబట్టి నకలు చేసుకోని కమీషన్ మీ ఫైలులో అసలు లేదు. రేపు ప్రోగ్రామ్ తెరిచినప్పుడు క్లాసులో ఆ రోజు ఏముంటే అదే కనిపిస్తుంది. వార్స్ ఇచ్చిన డిక్షనరీని జేసన్‌గా (టెక్స్ట్ రూపంలో) రాసుకునేవారికి కూడా ఇదే జరుగుతుంది.

పైసల లెక్క కాబట్టి ఒక మాట. డబ్బుకు ఫ్లోట్ (పైథాన్ మామూలు దశాంశ సంఖ్య) వాడకండి, పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. డెసిమల్ మాడ్యూల్ వాడండి, లేదా అంతా పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి.

ప్రాపర్టీ ఎప్పుడు, ఎందుకు

నికర తూకాన్ని మీరు ఒక అట్రిబ్యూట్‌గా దాచి, టిక్కీ చేర్చిన ప్రతిసారీ చేత్తో సరిచేస్తున్నారు. ఒకచోట సరిచేయడం మరిచిపోతే తూకాల లిస్టు ఒకటి చెబుతుంది, నికరం మరొకటి చెబుతుంది. వేరే విలువల నుంచి లెక్కకట్టగలిగినదాన్ని దాచకండి, ప్రాపర్టీగా పెట్టండి. నికరతూకం అనే మెథడ్ రాసి, దాని పైన ప్రాపర్టీ డెకరేటర్ (@ గుర్తుతో మొదలయ్యే పంక్తి) పెడితే చాలు. వాడేవారు బ్రాకెట్లు లేకుండా `లాట్1.నికరతూకం` అనే రాస్తారు, విలువ మాత్రం ఆ క్షణంలో టిక్కీల నుంచి లెక్కకట్టి వస్తుంది.

ఒక విలువ దాచినదా, లెక్కకట్టినదా అన్నది వాడేవారికి తెలియాల్సిన పని లేదన్న ఆలోచన పాతదే. ఐఫెల్ భాషను రూపొందించిన బెర్ట్రాండ్ మేయర్ దీన్ని యూనిఫామ్ యాక్సెస్ ప్రిన్సిపల్ అన్నారు. పైథాన్‌లోకి ప్రాపర్టీ 2001లో 2.2 వెర్షన్‌తో వచ్చింది. సెట్టర్‌ను (విలువ కేటాయించినప్పుడు నడిచే మెథడ్‌ను) కూడా డెకరేటర్‌తో రాసే నేటి పద్ధతి 2008లో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి ఉంది. జావా నేర్చుకుని వచ్చిన మన విద్యార్థులు ప్రతి అట్రిబ్యూట్‌కూ ఒక గెట్ మెథడ్, ఒక సెట్ మెథడ్ రాస్తుంటారు. పైథాన్‌లో అది అక్కర్లేదు. ముందు మామూలు అట్రిబ్యూట్‌గా మొదలుపెట్టండి. తనిఖీ గానీ లెక్క గానీ అవసరమైన రోజున ప్రాపర్టీగా మార్చండి. దాన్ని వాడుతున్న పంక్తులు ఒక్కటి కూడా మార్చాల్సిన పని ఉండదు.

తనిఖీకి ఉదాహరణ: ధర సున్నా కంటే ఎక్కువ ఉండాలి. ధరకు సెట్టర్ రాసి, లోపల సున్నా లేదా రుణసంఖ్య వస్తే వాల్యూఎర్రర్ ఇవ్వండి. అక్కడ కొత్తవారందరూ తగిలే రాయి ఒకటుంది. సెట్టర్ లోపల మళ్లీ `సెల్ఫ్.ధర = విలువ` అని రాస్తే అది తిరిగి అదే సెట్టర్‌ను పిలుస్తుంది, అది మళ్లీ తనను తాను పిలుచుకుంటుంది, చివరికి రికర్షన్ఎర్రర్‌తో ఆగుతుంది. లోపల దాచే పేరు వేరుగా ఉండాలి, ఆనవాయితీగా ముందు ఒక అండర్‌స్కోర్ పెడతాం: `సెల్ఫ్._ధర = విలువ`.

"రాసేటప్పుడు వెతకదు అన్నారు కదా, మరి సెట్టర్ క్లాసులో ఉన్నప్పుడు `లాట్1.ధర = 14000` అంటే అది ఎలా నడిచింది?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. నా నియమానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు ఇదే. విలువను పెట్టే ముందు, ఆ పేరుతో క్లాసులో డేటా డిస్క్రిప్టర్ అనే ప్రత్యేక ఆబ్జెక్టు ఉందా అని మాత్రం పైథాన్ చూస్తుంది. ఉంటే పనిని దానికే అప్పగిస్తుంది. ప్రాపర్టీ అలాంటిదే. చదివేటప్పుడు కూడా ఆబ్జెక్టు సొంత డిక్షనరీ కంటే దానికే ముందు స్థానం. అంటే ప్రాపర్టీ కూడా క్లాసు అట్రిబ్యూటే, కాకపోతే ఆబ్జెక్టు దానికి అడ్డం రాలేదు. సెట్టర్ లేని ప్రాపర్టీకి విలువ కేటాయించబోతే అట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. నికరతూకానికి కావలసింది సరిగ్గా అదే, ఎవరూ చేత్తో దిద్దలేరు.

ప్రాపర్టీకి హద్దులూ ఉన్నాయి. బ్రాకెట్లు లేని చోట ఎవరూ ఆలస్యాన్ని ఊహించరు, కాబట్టి డేటాబేస్‌కు వెళ్లివచ్చే పని, ఫైలు తెరిచే పని ప్రాపర్టీలో పెట్టవద్దు, మామూలు మెథడ్‌గా రాయండి. చదివితే ఏదో ఒకటి మారిపోయే ప్రాపర్టీని అస్సలు రాయవద్దు. లెక్క బరువైనదైతే 3.8 వెర్షన్ నుంచి ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లో క్యాష్డ్ ప్రాపర్టీ ఉంది. అది మొదటిసారి లెక్కకట్టి, ఫలితాన్ని అదే పేరుతో ఆబ్జెక్టు డిక్షనరీలో పెడుతుంది. అది డేటా డిస్క్రిప్టర్ కాదు కాబట్టి రెండోసారి నుంచి సొంత విలువే ముందు దొరుకుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ తర్వాత టిక్కీ చేరిస్తే పాత నికరమే కనిపిస్తుంది, దాన్ని డెల్‌తో తొలగిస్తేనే మళ్లీ లెక్కకడుతుంది. ఒక లాట్ టిక్కీల తూకాలు కూడటానికి కంప్యూటర్‌కు రెప్పపాటు కాలం కూడా పట్టదు. మీకు మామూలు ప్రాపర్టీ చాలు.

తప్పు అక్షరంతో పుట్టే అట్రిబ్యూట్

రాసేటప్పుడు వెతకకపోవడం వల్ల మరో నష్టం ఉంది. కమీషన్ అని ఒకచోట, కమిషన్ అని మరోచోట రాస్తే పైథాన్ అభ్యంతరం చెప్పదు. `లాట్1.కమిషన్ = 3` అన్న వెంటనే కొత్త అట్రిబ్యూట్ ఒకటి పుడుతుంది, అసలైనది 2 దగ్గరే ఉంటుంది. తెలుగు పేర్లు వాడేవారికి ఇది నిత్యం ఎదురయ్యే బెడద. దీన్ని ఆపడానికి స్లాట్స్ వాడవచ్చు. క్లాసులో స్లాట్స్ కింద అనుమతించిన పేర్లను రాస్తే, వాటికి బయట ఉన్న పేరును ఆబ్జెక్టులో పెట్టబోయినప్పుడు తప్పు చూపిస్తుంది. మీలాంటి కేసుకు దీనితో ఇంకో మేలు ఉంది. కమీషన్‌ను స్లాట్స్‌లో చేర్చకుండా క్లాసు అట్రిబ్యూట్‌గానే ఉంచితే, `లాట్1.కమీషన్ = 3` అన్నప్పుడు అది చదవడానికి మాత్రమే అని చెప్పి పైథాన్ ఆపేస్తుంది. మీ రెండో చిక్కు మొదటి రోజే దొరికి ఉండేది. అయితే స్లాట్స్ లేని పిల్ల క్లాసు రాస్తే ఈ కట్టడి పోతుంది, దానికి మళ్లీ సొంత డిక్షనరీ వస్తుంది.

ఇదంతా చేత్తో రాసుకోవడం కష్టమనిపిస్తే, 2018లో 3.7 వెర్షన్‌తో వచ్చిన డేటాక్లాస్ చూడండి. అందులో రకం సూచనతో (విలువ అంకెనా, లిస్టా అని చెప్పే టైప్ హింట్‌తో) రాసిన పేర్లు ఇన్‌స్టాన్స్ అట్రిబ్యూట్లవుతాయి, క్లాస్‌వార్ అని గుర్తు పెట్టినవి క్లాసులోనే ఉంటాయి. రకం సూచన లేకుండా రాసినవీ క్లాసులోనే ఉండిపోతాయి, ఇది చాలామంది గమనించరు. టిక్కీలకు ఖాళీ లిస్టును నేరుగా డిఫాల్ట్‌గా ఇస్తే ప్రోగ్రామ్ మొదలవకముందే వాల్యూఎర్రర్ ఇచ్చి, ప్రతి ఆబ్జెక్టుకూ కొత్త లిస్టు తయారుచేసే డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడమంటుంది. మీ మొదటి చిక్కు అసలు పుట్టదు.

వేరే భాషల నుంచి వచ్చేవారికి

కాలేజీలో జావా చదివారని రాశారు కాబట్టి ఇది చెప్పాలి. జావాలో స్టాటిక్ ఫీల్డ్‌కు ఆబ్జెక్టు ద్వారా విలువ కేటాయిస్తే క్లాసులోని ఆ ఒక్క ఫీల్డే మారుతుంది, అందరికీ మారుతుంది. పైథాన్‌లో అందుకు విరుద్ధం. మీ రెండో చిక్కు చాలావరకు ఈ అలవాటు వల్ల వచ్చిందే. సీ షార్ప్‌లో ఆబ్జెక్టు ద్వారా స్టాటిక్‌ను తాకనే తాకలేరు, కంపైలర్ ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్‌లో ప్రోటోటైప్ మీద పెట్టిన విలువలు పైథాన్ క్లాసు అట్రిబ్యూట్లలాగే నడుస్తాయి, చదివితే పైకి వెళ్తుంది, రాస్తే ఆబ్జెక్టులో పడుతుంది. కానీ స్టాటిక్ అని రాసినవి ఆబ్జెక్టు ద్వారా కనిపించవు. రూబీలో రెండు ఎట్ గుర్తుల క్లాసు వేరియబుల్‌ను పిల్ల క్లాసులో మారిస్తే తల్లిలోనూ మారుతుంది. కాబట్టి ఒక భాషలో నేర్చుకున్నది మరో భాషలో ఇలాగే ఉంటుందని నమ్మకండి, ఆబ్జెక్టు ద్వారా ఒకసారి రాసి, క్లాసులో ఏమైందో చూసుకోండి.

ఇక మీ ప్రోగ్రాములో ఏ వరుసలో మార్పులు చేయాలో చెబుతాను. ముందు టిక్కీలు, రైతు పేరు, రకం ఇనిట్‌లోకి తీసుకెళ్లండి. తర్వాత ఇప్పటికే అమ్ముడైన లాట్లన్నిటికీ ఆ రోజుల్లో నిజంగా కోసిన శాతాన్ని కాగితం పట్టీలు చూసి ఖరారుకమీషన్‌గా ఎక్కించండి. ఇది పూర్తయ్యేవరకు క్లాసులోని శాతాన్ని ముట్టుకోకండి. ఉమ్మడి లిస్టు వల్ల పాత ఫైళ్లలోని టిక్కీల తూకాలు కూడా నమ్మదగినవి కావు, అపెండ్‌తో చేర్చినవైతే పికిల్ ఫైలులో అసలు ఉండవు కూడా. వాటినీ కాటా చీటీలతో సరిచూసుకోవాలి. ఆ తర్వాతే నికరతూకాన్ని ప్రాపర్టీగా మార్చండి.

కొట్టులో రెండో కంప్యూటర్ పెట్టే ఆలోచన ఉందని చివర్లో రాశారు. క్లాసు అట్రిబ్యూట్ నడుస్తున్న ఒక ప్రోగ్రామ్ జ్ఞాపకంలో మాత్రమే ఉమ్మడి. ఒక కంప్యూటర్‌లో `మిర్చిలాట్.ప్రస్తుతకమీషన్ = 3` అని మారిస్తే రెండోదానికి తెలియదు, మొదటిదాన్ని ఆపి మళ్లీ తెరిచినా పాత 2 తిరిగి వస్తుంది. ఆ రోజుకల్లా శాతాన్ని డేటాబేస్‌లో, ఏ తేదీ నుంచి అమలో ఆ తేదీతో సహా ఒక పట్టికగా పెట్టండి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పైథాన్‌తోపాటే వస్తుంది, ఒక కంప్యూటర్‌కు అది చాలు. రెండు కంప్యూటర్లు ఒకేసారి రాయాలంటే పోస్ట్‌గ్రెస్ లాంటిది పెట్టుకోండి. ఆ పట్టికలో ఏయే నిలువు వరుసలు పెడుతున్నారో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.